మిడతలు తిన్న సంవత్సరాలు తిరిగి వస్తాయా?

మన రావికమతం వైపు ఉజ్జీవ కూటాల పోస్టర్లు మీరందరూ చూసే ఉంటారు. మరి ఉజ్జీవం అంటే ఏంటి? మైకు, పాటలు, కన్నీళ్ళు, ఇంతేనా?

ఫోన్‌లో బైబిల్ యాప్ ఉంటే యోవేలు 2వ అధ్యాయం తెరవండి. అక్కడ వరుస చూడండి. మిడతలు పంటంతా తినేశాయి. ప్రజలు హృదయం చింపుకుని తిరిగి రావాలని దేవుడు పిలిచాడు. తర్వాత ధాన్యం ఇస్తానన్నాడు, కళ్ళాలు నిండుతాయన్నాడు. 25వ వచనంలో, మిడతలు తిన్న సంవత్సరాల నష్టం తీరుస్తానన్నాడు. ఆత్మను కుమ్మరిస్తానన్న మాట 28వ వచనంలో వస్తుంది. అంటే ఆకలి సంగతి పక్కనపెట్టి ఆత్మ సంగతి మాట్లాడలేదన్నమాట.

మన తెలుగు నేల మీద ఇలాంటిదే ఒకటి జరిగింది. 1876–78లో పెద్ద కరువు. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవారు. కుర్రతనంలో ఆయన సర్వే పని చేసిన మనిషి. ఆ అనుభవంతో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చారు, కూలి ఇచ్చారు. వాళ్ళలో మాదిగలు చాలామంది. బాప్తిస్మం ఇమ్మని ఎంతోమంది అడిగారు. ఆయన 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం విశ్వాసం కాకూడదని ఆయన పట్టుదల.

కరువు సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అందరూ 2,222 గుర్తుపెట్టుకుంటారు. నాకైతే ఆ 15 నెలలే పెద్ద లెక్క. "అన్నం పెట్టి మతంలో కలుపుకున్నారు" అనే మాట ఇప్పటికీ వింటాం కదా. ఆయన జవాబు చేతల్లో ఉంది.

ఇప్పుడు మన సంగతి. బెట్టింగ్ యాప్‌లో పోయిన డబ్బు, ఆగిపోయిన చదువు, నాన్నతో మాటల్లేని రెండేళ్ళు... ఇవీ మిడతలే. పోయిన రోజులు వెనక్కి రావు. దేవుడు ఇస్తానన్నది కొత్త పంట. వాన పడగానే కళ్ళం నిండదని రైతుబిడ్డలకి నేను చెప్పక్కర్లేదు. మళ్ళీ దున్నాలి, విత్తాలి, ఆగాలి.

ఈ వారం ఒక్క పని చేయండి. అప్పుల్లో ఇరుక్కున్న ఫ్రెండ్ ఉంటే, కూటానికి రమ్మనేముందు వాడి పక్కన కూర్చుని ఆ లెక్క రాయండి. ఇంట్లో చెప్పడానికి భయపడితే తోడు వెళ్ళండి. బదులుగా ఏమీ అడక్కండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.