ఊడ్చి తుడిచే రోబో: బలమెంత, బాటెంత

ఊడ్చి తుడిచే రోబోల ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది పాస్కల్స్ అంకె. ఒకప్పుడు రెండు వేల పాస్కల్స్ అంటే గొప్ప. తర్వాత ఐదు వేలొచ్చాయి, పది వేలొచ్చాయి, ఇప్పుడు ఇరవై వేలు దాటిన మోడళ్లూ అమ్ముతున్నారు. బైకు కొనేవాళ్లు సీసీ ఎంతని అడిగినట్టు, ఇక్కడ పీల్పు ఎంతని అడగడం అలవాటైపోయింది. టైల్సో గ్రానైటో పరిచిన ఇంటికి మాత్రం ఆ అంకె చెప్పే సంగతి చాలా తక్కువ. అలాంటి ఇల్లు శుభ్రంగా ఉందా లేదా అన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: రోబో నేలలో ఎంత భాగం మీదుగా వెళ్తోంది, ఎన్ని రోజులకోసారి వెళ్తోంది, తుడిచే గుడ్డను ఎప్పటికప్పుడు కడుక్కుంటోందా. కొనేటప్పుడు డబ్బు పెట్టాల్సింది కూడా వీటి మీదే.

పాస్కల్ అనేది పీడనానికి కొలత. మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు 1,01,325 పాస్కల్స్. పది వేల పాస్కల్స్ పీల్పు అంటే యంత్రం లోపలి పీడనం బయటి పీడనం కంటే దాదాపు పదో వంతు తక్కువన్నమాట. అయితే ఇది గాలి వచ్చే దారి పూర్తిగా మూసి కొలిచే సంఖ్య. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెడితే చెయ్యి అతుక్కుంటుంది, మోటారు రొద మారుతుంది. పీడనంలో తేడా గరిష్ఠంగా ఉండేది అప్పుడే. కానీ ఆ క్షణంలో గొట్టంలోంచి గాలే పోదు. దుమ్మును మోసుకుపోయేదేమో కదిలే గాలి. దారి తెరిచేకొద్దీ గాలి ప్రవాహం పెరుగుతుంది, పీడనం తేడా తగ్గుతుంది. అసలు పని ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది. ఒక ఫ్యాను దారి మూస్తే 5,000 పాస్కల్స్, పూర్తిగా తెరిస్తే సెకనుకు 15 లీటర్ల గాలి ఇస్తుందనుకుందాం. మధ్యలో రెండూ సమంగా మారతాయనుకుంటే, సగం పీడనం, సగం ప్రవాహం దగ్గర శక్తి అత్యధికం. లెక్క కడితే అది 19 వాట్లకు మించదు. ప్రవాహం ఎంతో చెప్పకుండా పాస్కల్స్ ఒక్కటే చెప్పడమంటే పొడవు చెప్పి, వెడల్పు చెప్పకుండా స్థలం అమ్మడమే.

బ్యాటరీ వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. ఈ రోబోల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న బ్యాటరీ 14.4 వోల్టులు, 5,200 మిల్లీ ఆంపియర్ అవర్లది. రెండూ గుణిస్తే సుమారు 75 వాట్ అవర్లు. ఒక్క చార్జింగుతో రెండున్నర గంటలు తిరుగుతుందని రాశారంటే సగటున 30 వాట్లతో నెట్టుకొస్తోందని అర్థం. పీల్చే ఫ్యాను, చక్రాలు, బ్రష్షు, లేజరు, ప్రాసెసరు అన్నీ ఆ 30 వాట్లలోనే సర్దుకోవాలి. పాతరకం సీలింగ్ ఫ్యాను తినే కరెంటులో ఇది సగం కూడా లేదు. ప్లగ్గుకు తగిలించి వాడే వ్యాక్యూమ్ క్లీనరైతే వెయ్యి వాట్లు దాటి లాగుతుంది. కాబట్టి ప్రకటనలో కనిపించే గరిష్ఠ పీల్పూ, గరిష్ఠ సమయమూ ఒకే పరుగులో దొరికేవి కావు. మొదటిది కావాలంటే రెండోది వదులుకోవాలి.

మరి ఇంత బలహీనమైన యంత్రం ఇల్లెలా ఊడుస్తుంది? గట్టి నేల మీద దుమ్మును పట్టి ఉంచేదేమీ లేదు గనక. పక్క బ్రష్షు అంచుల్లోంచి లాగుతుంది, కింది బ్రష్షు పైకి ఎగరేస్తుంది, కాస్త గాలి చాలు, డబ్బాలో పడుతుంది. పీల్పు బలం అక్కరకొచ్చేది తివాచీల మీద. పోగుల అడుగుకు దిగిన ఇసుకను లాగాలంటే నిజంగానే బలం కావాలి. మన ఇళ్లలో ఉండేవి విట్రిఫైడ్ టైల్సు, గ్రానైటు, మార్బులు, కాస్త పాత ఇళ్లలోనైతే తాండూరు, షాబాద్, కడప బండలు. ఇక్కడ ఒక అభ్యంతరానికి చోటుంది. పాత బండల మధ్య సందులు లోతుగా ఉంటాయి, సిమెంటు ఊడి ఇసుక దిగి ఉంటుంది. అక్కడ పీల్పు అక్కరకొస్తుంది. నిజమే. హాలంతా మందపాటి కార్పెట్ పరిచినవాళ్లకూ, అమెరికాలో తివాచీ ఇళ్లలో ఉండే మనవాళ్లకూ ఈ వ్యాసంలోని మొదటి సగం అంతగా వర్తించదు. తక్కినవాళ్లకు మాత్రం నాలుగైదు వేల పాస్కల్స్ దాటాక ఒక్కో వెయ్యికీ పెట్టే డబ్బుకు కనిపించే ఫలితం ఉండదని నా అభిప్రాయం. ఆ డబ్బు బ్రష్షు మీద పెట్టడం మేలు. పొడుగు జుట్టు ఉన్న ఇంట్లో కుచ్చుల బ్రష్షుకు నాలుగు రోజుల్లోనే వెంట్రుకలు, పూలమాల దారాలు చుట్టుకుంటాయి. చుట్టుకున్న బ్రష్షు నేలను తాకదు. ఎన్ని పాస్కల్స్ ఉన్నా అప్పుడు ఏం లాభం? రబ్బరు పట్టీల బ్రష్షుకు ఈ బాధ తక్కువ, తీసి శుభ్రం చెయ్యడమూ తేలిక.

ఇక బాట. స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ 2001లో ట్రైలోబైట్‌ను, అమెరికాలో ఐరోబాట్ 2002లో రూంబాను మార్కెట్లోకి తెచ్చాయి. ఐరోబాట్‌ను స్థాపించిన ముగ్గురిలో ఎంఐటీ ఆచార్యుడు రోడ్నీ బ్రూక్స్ ఒకరు. రోబో తలలో లోకానికంతటికీ పటం గీసిపెట్టక్కర్లేదనీ, పురుగులాగా ఎదురైనదానికి స్పందిస్తూ పోతే చాలనీ 1980ల నుంచీ వాదించినాయన. తొలి రూంబా ఆ బాటలోనిదే: సుడి తిరగడం, గోడ పట్టుకుని పోవడం, దేనికైనా తగిలితే వేరే దిక్కుకు మళ్లడం. ధర తగ్గించడానికి అద్భుతమైన ఉపాయం. కానీ యాదృచ్ఛిక నడకకు గణితం విధించే శిక్ష ఒకటుంది. గది వైశాల్యానికి సమానమైన మేర ఊడ్చేసరికి కూడా, పూర్తిగా గుడ్డిగా తిరిగే యంత్రం దాదాపు 37 శాతం నేలను ముట్టుకోదు, ఎందుకంటే తిరిగిన చోటే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రెండింతలు తిరిగితే మిగిలేది 13.5 శాతం, మూడింతలకు 5 శాతం. వరసలు తీసుకుంటూ పోయే యంత్రమైతే ఒక్క విడతలోనే ఇంచుమించు అంతా తాకుతుంది. 30 వాట్ల బక్క ప్రాణికి మూడు రెట్లు తిరగడమంటే బ్యాటరీ అయిపోవడమే. 2010లో నీటో అనే కంపెనీ తిరిగే లేజరుతో ఇంటిని కొలిచే రోబోను చవకగా తేవడంతో కథ మారింది. లేజరు కిరణం గోడకు తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి దూరం తెలుస్తుంది. అది సెకనుకు అయిదారుసార్లు చుట్టూ తిరిగి చూస్తుంది. యంత్రం పటం గీస్తూ, ఆ పటంలోనే తానెక్కడుందో కనుక్కుంటూ సాగుతుంది. చీకట్లోనూ పని చేస్తుంది. కొనబోయే రోబోలో ఇలాంటి పటం లేకపోతే, ఎంత చవకగా వచ్చినా వద్దనే అంటాను.

పటం ఉన్నా యంత్రానికి చూపు లోపాలు ఉంటాయి, వాటిని మన నేలతో పోల్చి చూసుకోవాలి. లేజరు బుడిపె రోబో నెత్తిన ఉండే మోడళ్లలో కిరణం నేలకు జానెడు లోపు ఎత్తులో అడ్డంగా పోతుంది. దాని కింద ఉన్న చార్జర్ తీగ, సాక్సు, పిల్లల బలపం దానికి లేనట్టే. వాటిని చూడాలంటే ముందువైపు కెమెరాయో మరో సెన్సరో కావాలి. అద్దాల తలుపు, నిలువుటద్దం దాన్ని మోసం చేస్తాయి. ఆ బుడిపెతో కలిపి ఎత్తు 10 సెంటీమీటర్ల దాకా ఉంటుంది గనక మంచం, సోఫా, దివాన్ కింద సందు ఎంతుందో టేపు పెట్టి కొలుచుకోవాలి. మెట్ల అంచు నుంచి పడిపోకుండా అడుగున పరారుణ సెన్సర్లు ఉంటాయి; కిందికి పంపిన కిరణం తిరిగి రాకపోతే ముందు గొయ్యి ఉందనుకుని ఆగిపోతుంది. నల్లటి నేల ఆ కిరణాన్ని మింగేస్తుంది. నల్ల గ్రానైటు పట్టీ, నల్లటి కడప బండ పరిచిన వరండా దగ్గర కొన్ని రోబోలు అగాధం చూసినట్టు వెనక్కి తగ్గేది అందుకే. గడపల సంగతి చెప్పనక్కర్లేదు. సాధారణ రోబో ఎక్కగలిగేది రెండు సెంటీమీటర్లు. పాతకాలపు చెక్క గడపలున్న ఇంట్లో గది గదికీ ఎత్తి పెట్టాల్సిందే. దేవుడి గదిలో ముగ్గు వేసే ఇళ్లవాళ్లు పటంలో ఆ చోటికి నిషేధ గీత గీయకపోతే, ముగ్గుపిండికీ దుమ్ముకీ తేడా దానికి తెలియదు.

తుడవడం దగ్గరికొస్తే లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. 200 మిల్లీలీటర్ల నీటి డబ్బా వంద చదరపు మీటర్ల ఇంటికి, అంటే సుమారు 1,076 చదరపు అడుగుల ఫ్లాటుకు సరిపోయిందంటే, నేల మీద పరుచుకున్న నీటి పొర మందం సగటున రెండు మైక్రాన్లు. తల వెంట్రుక మందం దానికి పాతిక రెట్ల పైమాటే. ఈ పాటి తడికి పొద్దున ఒలికి ఎండిపోయిన సాంబారు నానదు. నానకపోతే రాపిడితో పోవాలి, రాపిడికి బరువు కావాలి. రోబో మొత్తం తూగేదే నాలుగు కిలోలు. అందులో ఎక్కువ భాగం గుడ్డ మీద వేస్తే చక్రాలకు పట్టు తప్పుతుంది. అందువల్లే వెనక పలక గుడ్డ కట్టి ఈడ్చే రకాన్ని నేను తుడిచే యంత్రంగా లెక్కపెట్టను. మొదటి గదిలో అంటిన మురికిని అది చివరి గది దాకా పూస్తూ పోతుంది. బరువు పెంచలేనప్పుడు మిగిలిన దారి, ఉన్న బరువుతోనే ఎక్కువసార్లు రుద్దడం. నిమిషానికి వేలసార్లు కంపించే పలకలు, గిరగిరా తిరిగే జంట గుడ్డలు, తిరుగుతూనే మంచినీళ్లు పోసుకుని మురికినీళ్లు పిండేసుకునే రోలర్లు ఆ దారిలో వచ్చినవే. జంట గుడ్డల రకంలో, కొన్ని చదరపు మీటర్లకోసారి తన చార్జింగ్ స్టేషనుకు వెళ్లి గుడ్డలు కడుక్కుని వచ్చేదే తీసుకోవాలి. పాస్కల్స్ పెంచిన మోడలుకూ, గుడ్డ కడుక్కునే మోడలుకూ మధ్య తేల్చుకోవాల్సి వస్తే రెండోదే మన నేలకు నప్పుతుంది.

ఆ స్టేషనుకు మన నీళ్లతో పేచీ ఉంది. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినం. వేడినీళ్లతో గుడ్డలుతికే స్టేషన్లలో, గీజరులో పట్టినట్టే సున్నం పడుతుంది, సన్నటి గొట్టాలు పూడతాయి. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లను పారబొయ్యకుండా ఇల్లు తుడవడానికి వాడే ఇళ్లు ఎన్నో. బకెట్‌కు అది మంచి పద్ధతే గానీ రోబోకు కాదు, ఎందుకంటే లవణాలన్నీ చేరింది ఆ నీళ్లలోనే. ఫినాయిలూ పొయ్యకూడదు, తయారీదారులు ఒప్పుకున్న ద్రవం తప్ప. ఇక కోస్తాలో తేమ సంగతి. గుడ్డను వేడిగాలితో ఆరబెట్టే ఏర్పాటు లేకపోతే వానాకాలంలో స్టేషను మూల ముక్క వాసన వేస్తుంది.

ఇంట్లో పనికి మనిషి దొరుకుతుండగా ఇంత ఖర్చెందుకన్నది గట్టి ప్రశ్న. మూలలు రుద్దడం, కుర్చీలు జరపడం, మెట్లు కడగడం, ఎండిన మరకను గోటితో గీకడం రోబో వల్ల కాదు. ఆ పనుల్లో పనామెకు అది పోటీ కానే కాదు. దాని లాభం వేరే చోట ఉంది. దుమ్ము పడిన రోజే తీసేస్తే తేలిగ్గా పోతుంది. నూనె ఆవిరో తేమో తగిలి అంటుకున్నాక కష్టం. రెండు రోజులకోసారి బలంగా ఊడ్చేదానికంటే, రోజూ నెమ్మదిగా అంతా తిరిగేది కొన్ని ఇళ్లకు ఎక్కువ పనికొస్తుంది. రోడ్డు పక్క ఫ్లాట్లు, పాకే పిల్లలున్న ఇళ్లు, దుమ్ము పడని వాళ్లున్న ఇళ్లు అలాంటివి. రోజూ వచ్చి శుభ్రంగా ఊడ్చి తుడిచే మనిషి ఉన్న ఇంటికి మాత్రం ఇది అక్కర్లేదని ఒప్పుకోవడమే సబబు.

ఇంకో సందేహం కెమెరాది. ఇది ఉత్త భయం కాదు. రూంబా పరీక్షా మోడళ్లు ఇళ్లలో తీసిన చిత్రాలు, వాటిలోని వస్తువులకు పేర్లు పెట్టే కాంట్రాక్టు పనివాళ్ల ద్వారా బయటపడ్డాయని ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ 2022 డిసెంబరులో బయటపెట్టింది. 2024లో అమెరికాలో కొన్ని ఎకోవాక్స్ రోబోలను హ్యాకర్లు చేజిక్కించుకుని, వాటి స్పీకర్ల లోంచి ఇంటివాళ్లను తిట్టారు. లేజరు మాత్రమే ఉండి కెమెరా లేని మోడలు తీగలకు చిక్కుకుంటుంది గానీ ఎవరి ముఖాన్నీ చూడదు. నేల మీద సామాను తీసి పెట్టుకోగలిగే ఇంటికి అదే చాలు. అలాగే యాప్ ఎవరి సర్వర్ మీద నడుస్తుందో కూడా అడగాలి. లేజరు రోబోను జనంలోకి తెచ్చిన నీటోనే 2023లో మూతపడింది. తర్వాత క్లౌడ్ సేవ కూడా ఆగిపోవడంతో దాని కొనుగోలుదారుల యాప్‌లు పనిచెయ్యకుండా పోయాయి. యంత్రం మీదున్న బటన్ నొక్కి తిప్పుకోవడమొక్కటే వాళ్లకు మిగిలింది.