వాకింగ్ షూస్ కొంటున్నారా? నంబర్ కాదు, ముందు పాదం కొలవండి

ఈ ఎపిసోడ్‌లో చాలా సింపుల్‌గా కనిపించే విషయం ఒకటి మాట్లాడుకుందాం. అదే వాకింగ్ షూస్. ఇందులో మాట్లాడటానికి ఏముంది అనుకోవచ్చు. కానీ మనం కొనే పద్ధతి ఒకసారి గమనించండి. ఫోన్ తీస్తాం, ఆఫర్ చూస్తాం, కలర్ చూస్తాం, "నాది ఎయిట్" అని సెలెక్ట్ చేసి ఆర్డర్ పెట్టేస్తాం. బాక్స్ వస్తుంది, ఫొటో కూడా బాగా వస్తుంది. నాలుగు రోజులు నడిచాక మడమ దగ్గర బొబ్బ, చిటికెన వేలు దగ్గర మంట. ఐదో రోజు నుంచి నడక బంద్. నా ఉద్దేశంలో చాలామంది వాకింగ్ మానేయడానికి కారణం బద్ధకం కాదు, షూ.

అసలు ఈ నంబర్ అంటే ఏంటి? మన దగ్గర ఎక్కువగా వాడేది యూకే సైజు. అందులో ఒక నంబర్‌కీ ఇంకో నంబర్‌కీ తేడా ఇంచిలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. యూరప్ సైజులో ఒక్కో నంబర్‌కి తేడా దాదాపు 6.7 మిల్లీమీటర్లే. మగవాళ్ళ షూ యూకేలో 8 అయితే, అమెరికా లెక్కలో దాదాపు 9 అవుతుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో "8" అని ఉంటే అది ఏ దేశం ఎనిమిదో ముందు చూడాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. షూని ఒక అచ్చు మీద తయారు చేస్తారు. ఆ అచ్చు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. పైగా మనం చూసే నంబర్ పొడవునే చెబుతుంది, వెడల్పు గురించి చెప్పదు. మన పాదాలేమో ముందు భాగంలో కాస్త వెడల్పు. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ స్కానింగ్‌తో కొలిచి, భారతీయుల కోసం "భ" అనే కొత్త సైజు పద్ధతిని ప్రతిపాదించింది. భ అంటే భారత్ అన్నమాట. ఇంత పని ఎందుకు చేశారు? బయటి దేశాల కొలతలు మన పాదాలకు సరిగ్గా అతకడం లేదు కాబట్టి.

సరే, మరి మనం ఏం చేయాలి? ఇంట్లోనే కొలుచుకోవాలి. సాయంత్రం పూట కొలవండి. రోజంతా నిలబడి, తిరిగి వచ్చేసరికి పాదం కొంచెం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన షూ సాయంత్రానికి బిగుతు అయ్యేది అందుకే. గోడకి ఆనించి నేల మీద ఒక తెల్ల కాగితం పెట్టండి. వాకింగ్‌కి వేసుకునే సాక్సే వేసుకుని, మడమ గోడకి తగిలేలా దాని మీద నిలబడండి. కూర్చుని కొలవొద్దు. బరువు పడితేనే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. అన్నిటికంటే ముందుకి వచ్చిన వేలు దగ్గర గీత పెట్టండి. అది బొటనవేలే కానక్కర్లేదు, కొంతమందికి రెండో వేలు పొడుగు. వెడల్పు ఎక్కువగా ఉన్నచోట రెండు పక్కలా కూడా గీతలు పెట్టండి. ఇలా రెండు పాదాలకీ చేయండి. చాలామందికి రెండూ సమానంగా ఉండవు. ఏది పెద్దదో దాని కొలతే మీ కొలత.

ఇప్పుడు సైజు చార్ట్ ఓపెన్ చేసి, నంబర్లు వదిలేసి సెంటీమీటర్లు చూడండి. ఇక్కడ జాగ్రత్త. కొన్ని చార్టుల్లో ఉండేది పాదం పొడవు, అప్పుడు మీ కొలత నేరుగా సరిచూసుకోవచ్చు. కొన్నిట్లో షూ లోపలి పొడవు ఇస్తారు. అప్పుడు మీ పాదం కంటే సుమారు ఒక సెంటీమీటర్ ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. నడిచేటప్పుడు పాదం ముందుకి జరుగుతుంది, ఆ చోటు లేకపోతే గోళ్ళు నల్లబడతాయి. పాదం వెడల్పుగా ఉంటే ఇంకో నంబర్ పెంచడం పరిష్కారం కాదు. అలా చేస్తే మడమ జారుతుంది. "వైడ్" అనో "2ఈ" అనో ఉన్న మోడల్ వెతకండి.

షూ ఇంటికి వచ్చాక ట్యాగ్ తీయకుండా, శుభ్రమైన నేల మీద ఈ పరీక్షలు చేయండి. లోపలి అట్ట ఊడేలా ఉంటే బయటికి తీసి, దాని మీద నిలబడండి. పాదం పక్కలకి పొంగి బయటికి వస్తే ఆ షూ మీకు ఇరుకే. తర్వాత షూ వేసుకుని నిలబడితే, పొడుగు వేలికీ షూ ముందు భాగానికీ మధ్య మీ చేతి బొటనవేలి వెడల్పంత చోటు ఉండాలి. వేళ్ళు లోపల కదలాలి. మడమ మాత్రం జారకూడదు. షూని చేత్తో వంచి చూడండి. మన వేళ్ళు ఎక్కడ వంగుతాయో అక్కడే వంగాలి. మధ్యలో మడత పడితే పక్కన పెట్టేయండి. ఆ తర్వాత పది నిమిషాలు నడవండి, మెట్లు దిగండి. దిగేటప్పుడు వేళ్ళు ముందు తగిలితే రిటర్న్ పెట్టేయండి. "వాడితే లూజు అవుతుందిలే" అని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. మొదటి రోజు నొక్కే షూ మీకోసం మారుతుందని గ్యారంటీ లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. మనలో చాలామంది మొదటి జీతంతోనో, పుట్టినరోజుకో అమ్మానాన్నలకి షూ ఆర్డర్ పెడతాం. మంచిదే. కానీ వాళ్ళకి ఎక్కువ కాలంగా షుగర్ ఉంటే పైన చెప్పిన "నొక్కుతోందా, లేదా" పరీక్ష పనిచేయకపోవచ్చు. షుగర్ వల్ల పాదాల్లో నరాలు దెబ్బతింటే స్పర్శ తగ్గుతుంది. బొబ్బ వచ్చినా తెలియదు, లోపల చిన్న రాయి ఉన్నా తెలియదు. ఆ చిన్న పుండు మానకుండా పెద్దదై, వేలు తీసేయాల్సిన పరిస్థితి దాకా వెళ్ళొచ్చు. నాన్నగారు "బానే ఉందిరా" అన్నా సరే, మీరే కూర్చుని కాగితం మీద కొలవండి. ముందు భాగం వెడల్పుగా, లోపల కుట్లు గుచ్చుకోకుండా ఉన్నవి చూడండి. మొదటి రోజు అరగంట చాలు. విప్పాక పాదం తిప్పి చూసి, ఎక్కడైనా ఎర్రగా కందిందేమో గమనించండి. వేసుకునే ముందు షూని ఒకసారి తలకిందులు చేసి దులపడం అలవాటు చేయండి. స్పర్శ ఇప్పటికే తగ్గి ఉంటే ఆన్‌లైన్ షాపింగ్ ఆపి, డాక్టర్‌కి పాదం చూపించండి. అలాంటివాళ్ళ కోసం మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు ఉంటాయి, అవసరమైతే వాళ్ళే రాస్తారు.

చివరిగా డబ్బు సంగతి. ఎక్కువ రేటు అంటే ఎక్కువ సౌకర్యం అని కాదు. పాదానికి సరిపోయిన మామూలు షూ, సరిపోని ఖరీదైన షూ కంటే ఎప్పుడూ మేలే. అడుగు ఒక పక్కకి అరిగినా, మడమ కింద మెత్తదనం పోయి గట్టిగా తగులుతున్నా, పైకి కొత్తగా కనిపించినా సరే, దాన్ని వాకింగ్‌కి వాడకండి.

ఈ రోజు సాయంత్రం ఒక్క కాగితం, ఒక్క పెన్ను తీసుకోండి. మీది, ఇంట్లో అందరిదీ కొలిచి ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి. ఈసారి ఆఫర్ వచ్చినప్పుడు ఆ నోట్ చూసే ఆర్డర్ పెట్టండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకూ నడుస్తూ ఉండండి. ఉంటాను.