మా కాలం, మీ కాలం, మధ్యలో ఒక అప్పు దరఖాస్తు

గత రంజాన్‌కు నెల ముందు మన సంఘం ఖర్జె హసనా కమిటీకి ఒక దరఖాస్తు వచ్చింది. పాతికేళ్ల కుర్రవాడు. పదో తరగతిలో మేము లెక్కలు చెప్పిన పిల్లవాడే. ఇంటి అవసరానికి 20 వేలు కావాలి, పది నెలల్లో తీర్చేస్తానని రాశాడు. కమిటీలో ఒక పెద్దాయన అతని చేతిలో ఉన్న ఫోను చూసి, "ఎంత పెట్టి కొన్నావు బేటా?" అని అడిగారు. "పద్దెనిమిది వేలు చాచా, వాయిదాల మీద" అన్నాడు. దాంతో అతని సంగతి తేలిపోయింది. నీ వయసులో మేము కాళ్లకు చెప్పుల్లేకుండా తిరిగామని ఒకరు, ముందు ఖర్చులు తగ్గించుకో, తర్వాత రా అని మరొకరు. మేమూ తల ఊపాము. దరఖాస్తు పక్కకు పోయింది.

పది రోజుల తర్వాత మా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఫలానావాడు మా దగ్గర అప్పు తీసుకుని ఎగ్గొట్టాడు, మీ పేరు ఇచ్చాడు, మీరు కట్టించండి అని. కింద ఆ కుర్రవాడి ఫోటో, దాని మీద ఎర్రటి అక్షరాలతో 'దొంగ' అని రాసి ఉంది. అది అతని ఫోనులో పేర్లున్న ప్రతి ఒక్కరికీ వెళ్లిందట, మేనమామలకు, మసీదు ఇమాము గారికి కూడా. మర్నాడు అసర్ నమాజు తర్వాత పిలిపించి కూర్చోబెట్టి అడిగాము. అప్పుడు తెలిసింది, అతను చేసేది ఇళ్లకు భోజనం పొట్లాలు చేరవేసే పని. ఆర్డరు వచ్చేది ఫోనులో, దారి చూపేది ఫోను, డబ్బు లెక్క ఫోనులో. పాతది చెడిపోతే రెండు రోజులు పని లేకుండా కూర్చుని, మూడో రోజు వాయిదాల మీద కొత్తది కొన్నాడు. ఆ ఫోను చూసి అతన్ని దుబారా మనిషని మేము తేల్చేశాము. వంటవాణ్ణి పొయ్యి అమ్ముకుని బతకమన్నట్టు!

ఆ రోజు కమిటీలో మేము వేయకుండా వదిలేసిన లెక్క ఇక్కడ వేస్తున్నాము.

ముందు మా పెద్దల కాలం. మా దాదా కలాయి పోసేవారు. భుజాన తిత్తి, సంచిలో తగరం, నవాసాగరం, దూది. ఊరూరా తిరిగి ఇత్తడి, రాగి పాత్రలకు పూత పూసేవారు. ఇంటింటికీ స్టీలు, అల్యూమినియం గిన్నెలు వచ్చాక ఆ పని పోయింది. ఆయన సోమరి అయినందుకు పోలేదు. పాత్ర మారింది కనుక పోయింది. మా అబ్బా తరంలో కడప జిల్లా వాళ్లకు కువైట్ దారి తెరుచుకుంది. వీసాకు మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి వెళ్లేవారు, రెండేళ్లు అప్పు తీర్చడానికి, ఆ తర్వాత సంపాదించేది ఇంటికి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో ఇంటికి చేర్చారు. మా అబ్బా అలా వచ్చినవారిలో ఒకరు. చేతిలో ఒక సంచి, కట్టుబట్టలు. అప్పుడు ఆయన్ని ఎవరూ బాధ్యత లేనివాడు అనలేదు. ఎందుకంటే మా వీధిలో సగం ఇళ్లలో అదే జరిగింది, అందరి కళ్ల ముందు జరిగింది.

ఇక మా తరం. ఇది చెప్పుకోవడానికి కొంచెం మొహమాటంగా ఉంది. మేము కష్టపడ్డామన్నది నిజం. వీధి దీపం కింద చదివామని మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. కానీ చెప్పనివి కొన్ని ఉన్నాయి. మేము డిగ్రీ చదివింది ప్రభుత్వ కాలేజీలో, ఫీజు నామమాత్రం. బీఎడ్ అయ్యేసరికి 1994 నుంచి 2003 వరకు ఏడాదికో రెండేళ్లకో ఒక డీఎస్సీ పడుతూనే ఉంది. 1996లో మాకు ఉద్యోగం వచ్చింది. మొదటి నెల చేతికొచ్చింది మూడు వేల పైచిలుకు. పది గ్రాముల బంగారం అప్పట్లో అయిదు వేల చుట్టూ ఉండేది. అంటే రెండు నెలల జీతం పూర్తిగా పెట్టనవసరం లేకుండా తులం బంగారం. ఇంటి స్థలం కొన్నాము, పదేళ్లకు దాని మీద ఇల్లు లేచింది. రిటైరయ్యాక పెన్షన్ వస్తుంది.

ఆ పెన్షన్ సంగతి మరీ చూడండి. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవారికి పాత పెన్షన్ లేదు, సీపీఎస్. జీతంలో పదో వంతు కోసి పెట్టుబడిలో వేస్తారు, చివరికి ఎంతొస్తుందో బజారు చెప్పాలి. మా స్టాఫ్ రూములో మా పక్క కుర్చీలో కూర్చునే మాస్టారు మాకంటే తెలివైనవాడు, పాఠం బాగా చెబుతాడు. 2006లో చేరాడు. ఆయన వృద్ధాప్యానికీ మా వృద్ధాప్యానికీ ఉన్న తేడాలో మా గొప్పతనం ఎంత? తేదీ గొప్పతనం ఎంత?

తర్వాతి తరానికి ఏ తలుపూ తెరుచుకోలేదని అంటే అదీ అబద్ధమే. సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చింది. మరుసటి ఏడాది మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ చట్టమైంది. దానికి తోడు ఫీజు రీయింబర్స్‌మెంట్. మా కాలంలో మా మహల్లాలో ఇంజనీరు ఒక్కరు లేరు, ఇప్పుడు ప్రతి గల్లీలో ఒకరిద్దరు ఉన్నారు, వారిలో ఆడపిల్లలు కూడా ఉన్నారు, అల్‌హమ్‌దులిల్లాహ్. చదువు దొరికింది. చదువు అవతల ఉండాల్సిన పనే సన్నబడింది. 2018 డీఎస్సీ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ నియామకాల దాకా వెళ్లిన నోటిఫికేషన్ పడింది 2025 ఏప్రిల్‌లో, 16,347 పోస్టులకు. 2019లో బీఎడ్ ముగించిన పిల్లవాడు ఆరేళ్లు ఎదురుచూశాడు. ఆ ఆరేళ్లూ ఇంట్లో అన్నం తినాలి కదా.

మా కుర్రవాడిది డిప్లొమా. పెట్రోలు పోను నెలకు 16 వేలు మిగులుతుంది. పది గ్రాముల బంగారం ఇప్పుడు లక్ష దాటింది. మాకు రెండు నెలలు పట్టనిది అతనికి ఆరు నెలలకు పైబడిన సంపాదన, అదీ ఒక్క రూపాయి తినకుండా. ఆ 16 వేలు ఎక్కడికి పోతున్నాయో కాగితం మీద రాయించాము. ఇంటి అద్దె 4 వేలు. ఫోను వాయిదా 1,500. వడ్డీ 6 వేలు. మిగిలిన 4,500తో నలుగురు తినాలి.

"ఆరు వేల వడ్డీ దేనికిరా?" అని అడిగాము. అక్క పెళ్లికి వాళ్ల అబ్బా చేసిన 3 లక్షల అప్పు, రెండు రూపాయల వడ్డీ. 2020లో కరోనా సమయంలో ఆయన కువైట్ నుంచి తిరిగి వచ్చేశారు, మళ్లీ వెళ్లలేదు. అప్పు కొడుకు నెత్తిన పడింది. ఆ పెళ్లికి మేమూ వెళ్లాము. బిర్యానీ బాగుందని మెచ్చుకుని వచ్చాము. జహేజ్ సామాను లారీలోకి ఎక్కిస్తుంటే చూశాము. మన కమిటీ పెద్దల్లో కనీసం నలుగురు ఆ దావత్‌లో ఉన్నారు. ఆ రోజు ఎవరమూ ఖర్చు తగ్గించుకోమని చెప్పలేదు. ఆ విందు ఖర్చు కడుతున్న కుర్రవాడికి మాత్రం చెప్పాము!

ఇప్పుడు అతని తప్పు దగ్గరకు వద్దాము, ఎందుకంటే తప్పు లేకపోలేదు. యాప్‌లలో మూడు అప్పులు తీసుకున్నాడు. మొదటిది అమ్మీకి స్కానింగ్ కోసం. రెండోది మొదటిదాన్ని తీర్చడానికి. మూడోది స్నేహితుడి పెళ్లికి షేర్వానీ కోసం. మొదటిదానికి మేము ఏమీ అనలేము. మూడోది పూర్తిగా అతని బాధ్యతే, అతని ముఖం మీదే అన్నాము, ఒప్పుకున్నాడు. నిజం దాచి దరఖాస్తులో 'ఇంటి అవసరం' అని రాయడం కూడా తప్పే. సిగ్గుపడి రాయలేదన్నాడు. మేము అడిగిన తీరు చూస్తే ఆ సిగ్గులో మా వాటా కూడా ఉంది.

లెక్కల మాస్టారుగా ఒక విషయం పాఠకులకు విప్పి చెప్పాలి, ఇంట్లో పిల్లలకు చూపించండి. మనకు రెండు రూపాయల వడ్డీ అంటే తెలుసు, నూటికి నెలకు రెండు, ఏడాదికి 24. మూడు రూపాయలంటే భయపడతాము. ఆ మొదటి యాప్ 5 వేల అప్పు అని చెప్పి, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో 1,500 ముందే పట్టుకుని 3,500 చేతికిచ్చింది. ఏడు రోజుల్లో 5 వేలు కట్టాలి. వాడుకున్న సొమ్ము 3,500, దాని మీద భారం 1,500. నూటికి దాదాపు 43 రూపాయలు, అదీ వారానికి. మన వీధి వడ్డీ వ్యాపారి దీని ముందు ధర్మాత్ముడు. యాప్ ఎక్కడా 'వడ్డీ' అనే మాట వాడలేదు. పదో తరగతిలో బారువడ్డీ సూత్రం అతనికి మేమే నేర్పాము. పరీక్షలో మార్కులు కూడా వేశాము. ఫీజు అనే పేరుతో వచ్చే వడ్డీని గుర్తుపట్టడం మాత్రం నేర్పలేదు.

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబర్‌లో ఈ యాప్‌లకు నిబంధనలు పెట్టింది. ఏ బ్యాంకు లేదా ఏ ఫైనాన్స్ సంస్థ తరఫున అప్పు ఇస్తున్నారో చెప్పాలి. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే ఒక పత్రంలో చూపాలి. ఫోనులోని పేర్లు, ఫోటోలు తీసుకోకూడదు. ఈ పత్రం ఇవ్వని యాప్‌ను ముట్టుకోవద్దు. బెదిరింపులు వస్తే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. పరువు పోతుందని దాచినకొద్దీ వాళ్లకే బలం. మా కుర్రవాడి మూడు యాప్‌లలో రెండింటికి ఏ సంస్థ పేరూ లేదు. వాటి మీద ఫిర్యాదు రాయించాము.

మన దీన్‌లో అప్పు గురించి రెండు వైపులా చెప్పి ఉంది. జకాత్ అందుకోదగిన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో చిక్కుకున్నవారు ఒక వర్గం. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వమని బఖరా సూరాలో ఆదేశం. ఆ వెంటనే, రెండు ఆయత్‌ల తర్వాత, ఖుర్ఆన్ మొత్తంలో అన్నింటికన్నా పొడవైన ఆయత్ వస్తుంది. అది అప్పును రాసుకోవడం గురించి, గడువు గురించి, సాక్షుల గురించి. దయ పక్కనే పత్రం. మేము కమిటీలో కొన్నేళ్లుగా దయ చూపినప్పుడు పత్రం మరిచాము, పత్రం అడిగినప్పుడు దయ మరిచాము.

రంజాన్ మొదటి వారంలో కమిటీ మళ్లీ కూర్చుంది. దరఖాస్తు ఫారం మార్చాము. 'నీ దగ్గర ఏమేం ఉన్నాయి' అనే ప్రశ్న తీసేసి, 'నెలకు ఎంత వస్తుంది, ఎవరి అప్పులు నువ్వు కడుతున్నావు' అని రాశాము. పాత అప్పులన్నీ చూపాలన్న షరతు కొత్తగా పెట్టాము. దాస్తే అప్పు లేదు. పెళ్లి అప్పు ఉన్న ఇంట్లో తండ్రిని కూడా పిలిచి కూర్చోబెట్టాలని మేము ప్రతిపాదిస్తే పెద్ద వాదనే జరిగింది. పెద్దలను పిలిచి అడిగితే ఏం బాగుంటుందని ఒకరు లేచి వెళ్లబోయారు. చివరికి ఒప్పుకున్నారు, ఒక ఓటు తేడాతో.

కుర్రవాడి అబ్బా వచ్చారు. మొదట తల ఎత్తలేదు. తర్వాత, తోటలో కాపలా పని ఉందంటే చేస్తానని ఆయనే అన్నారు. ఇప్పుడు చేస్తున్నారు, ఆ జీతం ఆయన చేసిన అప్పు వడ్డీకి పోతోంది. సంఘం ఇచ్చిన 20 వేలతో కుర్రవాడు తాకట్టులో ఉన్న అమ్మీ కమ్మలు విడిపించాడు, అనుమతి ఉన్న సంస్థకు బాకీ కట్టేశాడు. పత్రం మీద అతని సంతకం, ఇద్దరు సాక్షులు, జామీనుగా మా సంతకం. ఫోను గురించి అడిగిన పెద్దాయనే ఒక సాక్షి.

అయిదు వాయిదాలు సరిగ్గా వచ్చాయి. ఆరోది పది రోజులు ఆలస్యమైంది. బండి టైరు మార్చాల్సి వచ్చిందని గడువుకు ముందే ఇంటికి వచ్చి చెప్పి వెళ్లాడు. ఏడోది వచ్చే నెల 5న.