కొండ కింద హైస్కూలు: 240 పీరియడ్ల లెక్క

పల్నాడులోని కోటప్పకొండ పేరు చెబితే త్రికోటేశ్వరస్వామి, శివరాత్రి తిరునాళ్ల, ఆకాశమంత ఎత్తు ప్రభలు గుర్తొస్తాయి. యల్లమంద, కొండకావూరు లాంటి కొండ కింద ఊళ్లలో పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో మాత్రం శివరాత్రి దగ్గరపడుతుంటే ఇంకో లెక్క కూడా మొదలవుతుంది. 2024లో శివరాత్రి మార్చి 8న వచ్చింది, పది పరీక్షలు మార్చి 18న మొదలయ్యాయి. మధ్యలో 10 రోజులే. 2025లో ఫిబ్రవరి 26న పండగ, మార్చి 17న మొదటి పరీక్ష. అప్పుడు 19 రోజులు దొరికాయి. ప్రభ కట్టడం ఒక్క పూటలో తేలే పని కూడా కాదు. వెదురు తేవాలి, బొంగులు చీల్చాలి, గుడ్డ చుట్టాలి, కరెంటు దీపాలు బిగించాలి. ఊరంతా ఆ పనిలో ఉంటే పదిహేనేళ్ల కుర్రాణ్ని పుస్తకం ముందు కూర్చోబెట్టడం ఎంత కష్టమో అక్కడ పనిచేసిన ఏ టీచరుకైనా తెలుసు.

పంటల క్యాలెండరు కూడా దాదాపు ఇదే సమయంలో అడ్డం పడుతుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ వచ్చాక పల్నాడులో పత్తి, మిరప ఊళ్లకు ఊళ్లు విస్తరించాయి. మిరప కోతలు జనవరి నుంచి మార్చి దాకా నడుస్తాయి. కూలీ దొరకని రోజున పెద్దవాళ్ల వెంట పిల్లలూ చేలోకి వెళతారు. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చే కుటుంబాల పిల్లలది ఇంకా పెద్ద కష్టం. వాళ్ల పేర్లు ఒక ఊరి రిజిస్టర్లో ఉంటే, వాళ్లు ఇంకో ఊరి కల్లంలో ఉంటారు.

ఇలాంటి చోట ఒక చిన్న జెడ్పీ హైస్కూలు ఎలా నడుస్తుందో అంకెల్లో చూద్దాం. లెక్క కోసం 6 నుంచి 10 దాకా 5 తరగతులు, తరగతికి 24 మంది చొప్పున 120 మంది పిల్లలున్న బడిని ఊహించుకుందాం. ఇది ఫలానా ఊరి బడి అని కాదు, పల్లెటూళ్లలో తరచూ కనిపించే కొలత ఇది.

రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు అనుకుంటే ఒక తరగతికి 48 పీరియడ్లు. 5 తరగతులకు కలిపి 240. పిల్లలు 120 మందైనా, 200 మందైనా, ఒక్కో తరగతికి ఒకే సెక్షను ఉన్నంతవరకు ఈ 240 మారదు. పిల్లలు తగ్గారని ఆరో తరగతిని, పదో తరగతిని ఒకే గదిలో కూర్చోబెట్టి త్రికోణమితి చెప్పలేం కదా. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం కలిపితే సబ్జెక్టులు 7. ఒక్కోదానికి ఒక టీచరు ఉన్నా, ఆటలు, ఇతర పీరియడ్లు కలుపుకుని సగటున మనిషికి వారానికి 34 పీరియడ్లు పడతాయి. లెక్కల టీచరుకు తరగతికి రోజుకు ఒక్కటి వేసినా 30. పదో తరగతి అదనపు క్లాసులు దానికి పైన.

ఇక తలల లెక్కకు వద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. దాన్నే మొత్తం బడికి వర్తింపజేస్తే 120 మందికి 4 టీచర్లు చాలు. కాగితం మీద బడి నిండుగానే కనిపిస్తుంది, గదిలో మాత్రం మూడు సబ్జెక్టులకు మనిషి ఉండరు. చట్టం రాసినవాళ్లకు ఈ చిక్కు తెలుసు. అందుకే అదే షెడ్యూల్లో సైన్సు-లెక్కలకు ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు కచ్చితంగా ఉండాలని కూడా రాశారు. అయితే అది 8వ తరగతి వరకు వర్తించే చట్టం. తొమ్మిది, పది తరగతులు దాని పరిధిలోకి రావు.

నా ఉద్దేశంలో చిన్న హైస్కూలుకు జరిగే అన్యాయం మొదలయ్యేది ఇక్కడే. దాన్ని పిల్లల తలలతో కొలుస్తాం. నడిచేది మాత్రం సబ్జెక్టులతో.

2022 జూన్‌లో వచ్చిన జీవో 117 దీనికి మంచి ఉదాహరణ. 6 నుంచి 10 తరగతులున్న హైస్కూల్లో 92 మంది కన్నా తక్కువుంటే ప్రధానోపాధ్యాయుడి పోస్టు, వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఉండవని అందులో గీత గీశారు. 3 నుంచి 10 తరగతుల బడికి ఆ గీత 137. 92ను 5 తరగతులకు పంచితే తరగతికి 18 మంది చిల్లర. ఆ గీత అంచున ఉన్న బడి నుంచి వేసవి సెలవుల్లో రెండు కుటుంబాలు పిల్లల్ని తీసుకుని నరసరావుపేటకు మకాం మారిస్తే చాలు, బడి గీత కిందికి జారిపోతుంది. హెచ్చెం లేని బడిలో ఆ పని ఎవరో ఒక స్కూల్ అసిస్టెంటు మీద పడుతుంది. మధ్యాహ్న భోజనం బిల్లులు, హాజరు, యాప్‌లలో వివరాలు ఎక్కించడం, మీటింగులకు వెళ్లడం అన్నీ ఆ ఒక్కరే చూసుకోవాలి. ఆ స్కూల్ అసిస్టెంటు లెక్కల సారైతే ఆ వారం 30 పీరియడ్లలో ఎన్ని నిలబడతాయో ఊహించుకోవచ్చు. 2025 మే నెలలో ఆ జీవోను పక్కనపెట్టి 9 రకాల బడుల కొత్త పద్ధతి తెచ్చారు. ప్రాథమిక స్థాయిలో 60 మంది దాటిన ఆదర్శ ప్రాథమిక బడిలో తరగతికి ఒక టీచరు అన్నది అందులో నాకు నచ్చిన మాట. తల కన్నా తరగతిని ముందు లెక్కపెట్టిన ఆలోచన అది.

ఇదే చిక్కు ఫలితాల రోజున ఇంకో రూపంలో కనిపిస్తుంది. 2025 పది పరీక్షలకు రాష్ట్రంలో 6,14,459 మంది రెగ్యులర్ విద్యార్థులు హాజరైతే 4,98,585 మంది పాసయ్యారు, 81.14 శాతం. మన బడిలో పదో తరగతి 24 మంది. నలుగురు తప్పితే 83.33 శాతం, రాష్ట్ర సగటు కన్నా పైన. ఐదుగురు తప్పితే 79.17, సగటు కన్నా కింద. అంటే ఒక్క పిల్లాడు లెక్కల్లో 35 తెచ్చుకున్నాడా, 34 దగ్గర ఆగాడా అన్నదాన్ని బట్టి ఆ బడి ‘మంచి బడి’, ‘వెనకబడ్డ బడి’ అయిపోతుంది. ఆ పిల్లాడు ఫిబ్రవరిలో వారం రోజులు మిరప చేలో ఉన్నాడేమో ఆ శాతం చెప్పదు. చిన్న బడుల ఫలితాలను ఒక్క ఏడాది అంకెతో తూచడం మానుకోవాలి. కనీసం నాలుగైదేళ్లు కలిపి చూస్తేనే ఆ శాతానికి అర్థం ఉంటుంది.

‘ఇంత చిన్న బడి ఎందుకు, పట్నంలో పెద్ద బడికి పంపితే పోలా’ అనేవాళ్లు ఉన్నారు. దూరం లెక్క చూద్దాం. 2009లో మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ పెట్టుకున్న లక్ష్యం, ప్రతి ఆవాసానికి 5 కిలోమీటర్ల లోపు ఒక హైస్కూలు. 3 కిలోమీటర్ల నుంచి వచ్చే అమ్మాయి 220 పనిదినాల్లో రానూపోనూ 1,320 కిలోమీటర్లు తిరుగుతుంది. అదే నరసరావుపేట దాకా 12 కిలోమీటర్లనుకుంటే ఏడాదికి 5,280. సైకిలు మీద అయ్యే దూరం కాదు. ఆటో కావాలి, లేదా బస్సు వేళకు రావాలి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఆ ఖర్చు ముందు ఎవరికి పెడతారో మనకు తెలుసు.

2011 జనాభా లెక్కల్లో, పల్నాడు కలిసి ఉన్న పాత గుంటూరు జిల్లా అక్షరాస్యత 67.40 శాతం. మగవాళ్లలో 74.79, ఆడవాళ్లలో 60.09. దాదాపు 15 శాతం పాయింట్ల తేడా. ఇప్పుడు పదిలో ఉన్న అమ్మాయిల తల్లులు, నాయనమ్మలు ఆ లెక్కలోనే ఉన్నారు. 2025 పది ఫలితాల్లో అమ్మాయిలు 84.09, అబ్బాయిలు 78.31. రెండు లెక్కలూ వేరు కాబట్టి నేరుగా పోల్చలేం. అయినా ఆడపిల్ల పరీక్ష హాలు దాకా వెళ్లగలిగితే ఏం చేసి చూపిస్తుందో ఆ అంకెలో ఉంది. ఆ హాలు దాకా ఆమెను తీసుకొచ్చేది చాలాసార్లు ఊరికి దగ్గరున్న జెడ్పీ బడే.

మధ్యాహ్నం అన్నం లెక్క కూడా చూడాలి. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, పై తరగతులకు 150 గ్రాములు. 120 మందికి 18 కిలోలు. వారానికి 5 గుడ్లు చొప్పున 600 గుడ్లు. అవికాక చిక్కీ, రాగిజావ. కేంద్ర నిబంధన ప్రకారం మొదటి 25 మందికి ఒక వంటమనిషి, 100 దాకా ఇద్దరు, ఆపైన ప్రతి 100కు ఇంకొకరు. అలా మన బడికి ముగ్గురు. ఒక్కొక్కరికి నెలకు ఇచ్చే గౌరవ వేతనం 3,000 రూపాయలు. ముగ్గురు ఆడవాళ్లు పొద్దున్నే పొయ్యి వెలిగించి, 18 కిలోల బియ్యం వండి, గుడ్లు ఉడకబెట్టి, గిన్నెలు తోమి ఇంటికి వెళ్లేది ఆ డబ్బుకే. మిరప కోత కూలీతో పోల్చుకుంటే వాళ్లు ఇంకా బడిలో ఉండటమే గొప్ప అనిపిస్తుంది. ఆ మొత్తం పెంచాలి. దానికి ఏ కమిటీ నివేదికా అక్కర్లేదు.

తల్లికి వందనం కింద 2025 జూన్‌లో ఒక్కో విద్యార్థికి 13,000 రూపాయల చొప్పున తల్లుల ఖాతాల్లో పడ్డాయి. ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ. మంచి పనే. కానీ అది ప్రైవేటు బడికి వెళ్లే పిల్లలకూ వస్తుంది కాబట్టి, ఊరి బడిలో సంఖ్య నిలబెట్టే పని దానివల్ల కాదు. సంఖ్యను నిలబెట్టేది జూన్ 12న బడి తెరిచేసరికి 7 సబ్జెక్టులకూ మనుషులు ఉన్నారన్న నమ్మకం. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో పూర్తయి కొత్త టీచర్లు వచ్చారు. పెద్ద బడికి వెళ్లిన కొత్త హిందీ పండితుడు రెండోవాడు, మూడోవాడు. చిన్న బడికి వెళ్లినవాడు ఒకే ఒక్కడు. వాడు వచ్చాడంటే 5 తరగతులకు హిందీ వచ్చినట్టు, బదిలీ అయ్యాడంటే 5 తరగతులకూ పోయినట్టు.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. కమిటీ సమావేశానికి వెళ్లే తల్లులు, తండ్రులు అడగాల్సిన అంకె ఒక్కటుంది. హెచ్చెం గది గోడ మీద టైంటేబుల్ ఉంటుంది, అందులో 240 గళ్లు ఉంటాయి. పోయిన నెలలో వారానికి సగటున వాటిలో ఎన్ని గళ్లలో ఆ సబ్జెక్టు టీచరు నిజంగా పాఠం చెప్పారు, ఎన్నింటిలో ఇంకెవరో వచ్చి పిల్లల్ని కూర్చోబెట్టి వెళ్లారు? ఆ సంఖ్యను నెలనెలా మినిట్స్ పుస్తకంలో రాయించి, ఏ సబ్జెక్టులో గళ్లు ఖాళీ అవుతున్నాయో చూపిస్తూ మండల విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టాలి. జనవరికి ముందే పెడితే మిరప కోతలు, తిరునాళ్ల వచ్చేలోగా సర్దుబాటు టీచరును అడగడానికి వ్యవధి ఉంటుంది.