బడిలో తగవు.. తీర్చేదెవరు?

తాగునీటి కుళాయి వద్ద తోపులాట, కనబడకుండాపోయిన పెన్ను, ఆటలో అవుటా కాదా అన్న వాదన. ఉన్నత పాఠశాలల్లో జగడాలకు మూలం చాలావరకు ఇంతే. సాయంత్రానికి అది ఇళ్లకు చేరి, పెద్దల పాత కక్షలు, కులం పేర్లు తోడైతే రెండు వీధుల గొడవగా మారుతుంది. అప్పుడిక ప్రధానోపాధ్యాయుని చేతిలో ఏమీ ఉండదు.

ఇదివరకు బెత్తంతో వ్యవహారం ముగిసేది. తగవు మాత్రం తీరేది కాదు, బడి గేటు దాటేవరకు వాయిదా పడేదంతే. విద్యాహక్కు చట్టం-2009లోని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపులను నిషేధించింది. బెత్తం స్థానంలో ఏం చేయాలో ఉపాధ్యాయులకు నేర్పినవారు తక్కువ.

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005లో భాగంగా ఎన్‌సీఈఆర్‌టీ శాంతి విద్యపై ప్రత్యేక పత్రం వెలువరించింది. శాంతిని వేరే సబ్జెక్టుగా కాక అన్ని పాఠాల్లోనూ కలపాలన్నది దాని సారాంశం. ఆచరణలో పౌరశాస్త్రం కంఠస్థానికే పరిమితమైంది. ప్రాథమిక విధులు 11 అని విద్యార్థి తడుముకోకుండా చెబుతాడు. సోదరభావం పెంపొందించడం, హింసను విడనాడడం వాటిలోనివేనని, నిన్నటి తన జగడానికీ అవి వర్తిస్తాయని అతనికి తోచదు.

తోటి విద్యార్థుల మధ్యవర్తిత్వం ఇందుకొక మార్గం. ఇరుపక్షాలు అంగీకరించిన ఇద్దరు విద్యార్థులు ఉపాధ్యాయుని పర్యవేక్షణలో కూర్చుంటారు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డు రారాదు. విన్నవారు ఎదుటివారి మాటను తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని వారు ఒప్పుకొన్నాకే తమ వాదన వినిపించాలి. సగం కోపం ఇక్కడే చల్లారుతుంది. ‘నువ్వు దొంగవి’ అనడానికి బదులు ‘పెన్ను లేక నేను పరీక్ష రాయలేకపోయాను’ అనడం అలవరచాలి. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఒప్పందం ఇద్దరూ కుదుర్చుకుని కాగితంపై సంతకాలు చేస్తారు. వారం తర్వాత అమలును పరిశీలించాలి.

పెద్దమనిషి మాటే శాసనమయ్యే రచ్చబండకు, దీనికి పోలిక లేదు. ఇరుపక్షాల రాజీయే ప్రాతిపదికగా నడిచే లోక్ అదాలత్‌కు ఇది దగ్గర. అక్కడ వెలువడే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమాన విలువ ఉంటుంది.

అయితే ప్రతిదీ రాజీకి తగినది కాదు. కులదూషణ, ఆయుధంతో దాడి, బలవంతుడు బలహీనుణ్ని నిత్యం పీడించడం వంటి వాటిలో ఇద్దరినీ సమానంగా కూర్చోబెట్టడమే అన్యాయం. లైంగిక వేధింపు విషయంలో చట్టం మరింత స్పష్టంగా ఉంది. పోక్సో చట్టం-2012 ప్రకారం నేరం తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. బడి పరువు పోతుందని దాచిపెట్టిన ఉపాధ్యాయుడూ శిక్షార్హుడే. పిల్లలు తామే ఫిర్యాదు చేయదలిస్తే 1098 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.