ఇల్లు వెదకికొని వచ్చిన కుక్క



సంతలో నమ్మిన యెద్దు పలుపు తెంపుకొని మరల పాత కొట్టమున వచ్చి నిలుచుట మీరెరిగినదే. అది ఒకటి రెండామడల మాట. అమెరికాదేశమున నొక కుక్క రమారమి 2,500 మైళ్లు నడచి యిల్లు చేరినది.

దాని పేరు బాబీ. పడమటితీరపు ఆరెగన్ రాష్ట్రములోని సిల్వర్టన్ దాని యూరు. 1923 వేసవిలో యజమాని దానిని కారులో నెక్కించుకొని తూర్పుననున్న ఇండియానా రాష్ట్రమునకు బోయెను. అచ్చట వోల్కాట్ అను నూరిలో నితర కుక్కలు మీదబడి తరుమగా నది పారిపోయెను. ఎంత వెదకినను దొరకలేదు. ఆరు నెలలకు, 1924 ఫిబ్రవరిలో, ఎముకలగూడై, గోళ్లరిగి, సిల్వర్టన్ వీథిలో కానవచ్చెను. నడుమ మంచుగప్పిన రాకీ పర్వతములు!

పిమ్మట జంతుసంరక్షణ సంఘమువారు విచారింపగా, త్రోవలో దానికి తిండిపెట్టి, చోటిచ్చినవారు ఉత్తరములు వ్రాసిరి. వానిచేతనే దారి కొంత తెలిసినది. నా మట్టుకు, కుక్క విశ్వాసముకంటె నా పరాయి యిండ్లవారి పిడికెడు తిండియే ముందు తలపునకు వచ్చును.

త్రోవ యెట్లు తెలిసెను? నడచిపోయిన కుక్క తన జాడనే మూర్కొనుచు మరలును. కారులో బోయినదానికి జాడ యెక్కడిది? చెక్ దేశ శాస్త్రజ్ఞులు 27 వేటకుక్కల మెడలకు స్థలసూచక యంత్రములు గట్టి యడవులలో విడిచి, 2020లో ఫలితములు ప్రకటించిరి. అవి పెక్కుసారులు వచ్చిన జాడనే పట్టినవి. క్రొత్తదారిని మరలినపుడు మాత్రము, తరచుగా మొదట ఉత్తర దక్షిణ దిక్కులుగా నించుమించు 20 మీటర్లు పరుగెత్తినవి. భూమి యయస్కాంతశక్తి వానికి దిక్కు దెలుపుచున్నదేమో యని వారి యూహ. అయినను అవి కొలది దూరపు పరుగులు. బాబీ నడక కది చాలిన సమాధానము కాదు.

బాబీ 1927లో చనిపోయెను. పోర్ట్‌లాండ్ నగరమున దాని సమాధి కలదు.