చావుకీ పెళ్లికీ వచ్చే ఎంపీ
ఇరవై ఏళ్లు హౌగాంగ్‌ను నిలబెట్టుకున్న మాజీ పంతులు

సింగపూర్‌లో పనిచేసే మనవాళ్లకు హౌగాంగ్ కొత్త పేరేమీ కాదు. అక్కడి ప్రభుత్వ ఫ్లాట్లకు రంగులు వేసినవారు, లిఫ్టు పనులు చేసినవారు మనలోనూ ఉండే ఉంటారు. ఆ రంగులూ లిఫ్టులే ఒకప్పుడు ఎన్నికల్లో పెద్ద ఎర. ఆ ఎరకు లొంగని ఓటర్లు ఇరవై ఏళ్లు తమ ఎంపీగా ఉంచుకున్న మనిషి లో థియా కియాంగ్. రాజకీయాల్లోకి రాకముందు ఆయన బడిపంతులు.

లో 1956లో పుట్టారు. చైనీస్ మాధ్యమంలో నడిచిన నాన్యాంగ్ విశ్వవిద్యాలయంలో 1980లో పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది ఆ విశ్వవిద్యాలయాన్ని మరొకదానిలో కలిపేశారు. అవి ఇంగ్లీషు చదువుకే గిరాకీ ఉన్న రోజులు. తెలుగు మీడియంలో చదివి పట్నం వచ్చినవారికి ఆ కష్టం వేరే చెప్పనక్కర్లేదు. 1982లో ఉపాధ్యాయ శిక్షణ ముగించి పాఠాలు చెప్పారు. ఆ తర్వాత బడి వదిలి సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకున్నారు.

ఓటమితో మొదలు

1981లో జె.బి. జయరత్నం అనే న్యాయవాది వర్కర్స్ పార్టీ తరఫున ఉప ఎన్నికలో గెలిచారు. స్వాతంత్ర్యం తర్వాత ఎన్నికల్లో నెగ్గిన తొలి ప్రతిపక్ష సభ్యుడు ఆయనే. మరుసటి ఏడాది లో ఆ పార్టీలో చేరారు. 1988లో మొదటిసారి పోటీ చేసి ఓడిపోయారు. 1991లో హౌగాంగ్‌లో దాదాపు 53 శాతం ఓట్లతో గట్టెక్కారు.

అక్కడి పెద్దవాళ్లలో చాలామందిది తియోచూ భాష. లో కూడా సభల్లో ఆ భాషలోనే మాట్లాడేవారు. వారానికోసారి జనం మధ్య కూర్చుని అర్జీలు వినేవారు. ఎవరింట చావు జరిగినా పలకరించడానికి వెళతారని ఆయనకు పేరు.

పాలక పక్షం తన పద్ధతిలో తాను పోయింది. మాకు ఓటేసిన పేటలకే బాగుచేతల్లో ముందు వరుస అని 1997 ఎన్నికల్లో తేల్చి చెప్పింది. 2006లో హౌగాంగ్‌కు 10 కోట్ల సింగపూర్ డాలర్ల పనులు చూపించింది. జనం విన్నారు, ఆలోచించారు, లో గారికే 62 శాతానికి పైగా ఓట్లు వేశారు.

చేతిలో సీటు వదిలి

2011లో ఆయన ఆ భద్రమైన సీటును పార్టీలో మరొకరికి అప్పగించి అల్జునీద్‌కు వెళ్లారు. అక్కడ ఐదుగురు జట్టుగా పోటీ చేయాలి. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఇంటికే. అవతలి జట్టులో విదేశాంగ మంత్రి జార్జ్ యో ఉన్నారు. అయినా లో జట్టు దాదాపు 55 శాతం ఓట్లతో నెగ్గింది. అలాంటి జట్టు స్థానాన్ని ప్రతిపక్షం గెలవడం అదే మొదలు.

మచ్చ లేదని కాదు. టౌన్ కౌన్సిల్ లెక్కల్లో లోపాలున్నాయని 2015లో ఆడిటర్ జనరల్ నివేదిక ఎత్తిచూపింది. వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. ఆ ఏడాది ఎన్నికల్లో అల్జునీద్ దక్కింది గానీ ఆధిక్యం చాలా తగ్గింది. 2018లో ఆయన పార్టీ పగ్గాలు ప్రీతమ్ సింగ్‌కు అప్పగించారు. 2020లో ఇంట్లో పడి తలకు దెబ్బ తగిలింది. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన పోటీ చేయలేదు.

మరి మన సంగతి?

ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. 2013లో జనాభా పెంపుపై ప్రభుత్వం శ్వేతపత్రం తెస్తే, లో పార్టీ వ్యతిరేకంగా ఓటేసింది. స్థానిక కార్మికుల సంఖ్య తగినంత పెరుగుతుంటే 2020 వరకు విదేశీ కార్మికుల సంఖ్య పెంచవద్దంది. వినడానికి మనకు చేదే. కానీ ఆయన జవాబు చెప్పుకోవలసింది తన ఓటర్లకు. మనకు ఇక్కడ ఓటు లేదు.

మన ఊళ్లో మాత్రం ఉంది. విదేశాల్లో ఉన్న భారత పాస్‌పోర్టుదారులు సొంత ఊరి జాబితాలో పేరు నమోదు చేసుకునేలా 2010లో చట్టం మార్చారు. ఓటు మాత్రం అక్కడికి వెళ్లే వేయాలి. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు పేరుందో లేదో చూసుకోండి. పరాయి దేశం నుంచి పెట్టెలో శవమై తిరిగొచ్చిన కూలీ ఇంటికి మన ఎంపీ ఎప్పుడైనా వెళ్లాడా అని కూడా అడగండి. హౌగాంగ్ ఓటర్లు తమ మనిషిని కొలిచిన కొలబద్ద అదే.